రెండు శ్రావణాల ఏడు

పొద్దుటి నుంచి వంశీధర్‌కు కాలు నిలవడం లేదు. సింకు దగ్గర అండా తోముతూ, మధ్యలో వదిలేసి వెళ్ళి గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి వస్తున్నాడు. తడి వేళ్ళు తగిలి ఆగస్టు కాగితం అంచు ఉబ్బిపోయింది. ఆ శుక్రవారం గడిలో, అంకె కింద చిన్న అక్షరాలతో బహుళ దశమి అని ఉంది. నిరుడు శ్రావణ బహుళ దశమి నాడు అతని నాయిన లింగయ్య సూర్యాపేట దగ్గర సొంత పొలం గట్టు మీద పోయాడు. అంటే ఇవాళ్టితో ఏడాది.

ఆ ఏడాది ఎప్పుడు దాటుతుందా అని అతను కూర్చున్నాడు. తండ్రి పోయిన కొడుక్కి ఏడాది మైల. వ్రతాలకూ పెళ్ళిళ్ళకూ వెళ్ళే వంటలో అతని చెయ్యి పడకూడదు. ఓక్‌విల్‌లో టైర్ల గోడౌను పక్కన సుబ్బరాజు నడిపే ఈ కేటరింగ్ కిచెన్‌లో అది చట్టం. చట్టం పెట్టింది సుబ్బరాజు భార్య చాముండేశ్వరి. కాలేజీ రోజుల నుంచీ ఇక్కడే పార్ట్ టైమ్‌గా పొయ్యి దగ్గర చెయ్యి తిరిగినవాణ్ణి, కబురు తెలిసిన మర్నాడే గిన్నెల దగ్గరికి పంపించింది. నేను ఊరికి వెళ్ళనే లేదు, వీసా స్టాంపు గడువు దాటిపోయింది, వెళ్తే తిరిగి రానివ్వరు, తలకొరివి మా చిన్నాయిన పెట్టాడు అని వంశీ చెప్పుకున్నాడు. పెట్టినా పెట్టకపోయినా కొడుకువు కొడుకువేగా అన్నాడు సుబ్బరాజు. ఏడాది కాగానే గరిట మళ్ళీ నీ చేతికే ఇస్తానని భుజం తట్టాడు.

ఆ తట్టుడు మీదే వంశీ నెలలు గడిపాడు. ఈలోగా చదువు అయింది, వర్క్ పర్మిట్ వచ్చింది. ఈ దేశంలో స్థిరపడేందుకు పీఆర్ కావాలంటే ఏడాదిపాటు కుక్‌గా చేసినట్టు లెటర్ ఉండాలి. గిన్నెలు తోమిన ఏడాది ఇమిగ్రేషన్ వాళ్ళకు ఏడాది కాదు. నాయిన ఏడాది ముగిస్తే గాని తన ఏడాది మొదలవదు. పర్మిట్ గడువు మాత్రం ఎవరి మైలా చూడకుండా కరుగుతోంది. వేరేచోటికి పోదామంటే, ప్రతి హోటలు తలుపు ముందూ రెజ్యూమే పట్టుకుని తనలాంటి పిల్లలే లైను కట్టి ఉన్నారు.

"ఇవాళ్టితో అయిపోయినట్టేగా ఆంటీ?" అని అడిగాడు.

హైమావతి స్టూలు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పెద్ద వంటమనిషి ఆమే. గుంటూరు వైపు ఆవిడ. ఆమె చేతిలోనూ పెద్ద పనేమీ లేదు. పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి.

అయిందంటే అయింది, కాలేదంటే కాలేదు అందామె. ఇది అధిక శ్రావణం. చంద్రుడి పన్నెండు నెలలు సూర్యుడి ఏడాదికి సరిపోవు, ఏటా పదీ పదకొండు రోజులు తక్కువ పడతాయి. ఆ తక్కువంతా పోగుపడి మూడేళ్ళకోసారి ఒక నెలై కూర్చుంటుంది. ఆ నెలలో పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, వ్రతం లేదు. అందుకే మనమిలా గోళ్ళు గిల్లుకుంటున్నాం. ఇది వెళ్ళాక నిజ శ్రావణం వస్తుంది. అందులో ఇంకో దశమి ఉంది.

"మరి మా నాయినది ఏ దశమి?"

"మొదటి ఏడు తద్దినం అధికంలోనే పెట్టాలని కొందరంటారు. పన్నెండు నెలలు నిండినట్టే కదా అని. నిజంలో పెడితేనే చెల్లుతుందని కొందరు. మా మామగారికి రెండు చోట్లా పెట్టారు, ఎందుకైనా మంచిదని."

వంశీ చేతులు తుడుచుకుని సుబ్బరాజు గదిలోకి వెళ్ళాడు. సుబ్బరాజు కుర్చీలో వెనక్కి వాలి ఫోన్‌లో కోడిపందేల వీడియో చూస్తున్నాడు. వంశీ చెప్పింది సగం విని తల అడ్డంగా ఊపాడు. అధిక మాసం అసలు లెక్కలోకే రాదు. దాన్ని మలమాసమంటారు. అందులో ఏ కార్యం చేసినా చెల్లదు. నిజ శ్రావణంలో దశమి వెళ్ళాకే ఏడాది అయినట్టు. శాస్త్రంతో పరాచికాలు వద్దు అన్నాడు. చెబుతున్నంతసేపూ వీడియో ఆపలేదు.

వంశీ వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చెత్త డబ్బాల పక్కన నిలబడి తల్లికి ఫోన్ చేశాడు. అక్కడ పొద్దు గూకింది. తల్లి ఎత్తగానే, ఏడాది ఈ దశమికే పెట్టొచ్చట కదా అని అడిగేశాడు. ఎట్లున్నవని కూడా అడగలేదు.

"గట్ల గాదు బిడ్డా. మన ఐగారు రెండో శ్రావణంల పెట్టుమన్నడు. మీ చిన్నాయిన గూడ గదే అంటుండు."

అమ్మ కూడా సుబ్బరాజు మాటే చెప్పింది. వంశీకి ఒళ్ళు మండింది. నీకేం, ఇంట్ల కూసుంటవు అనబోయి మింగాడు. ఆమె ఇంట్లో కూర్చునే ఉంది నిజంగా. భర్త పోయిన నాటి నుంచి ఎవరి గడపా ఎక్కలేదు. అక్క మనవరాలి పురుటికి కూడా పోలేదు. ఏడాదిలో ఒక నెల పెరిగితే ఆమెకూ పెరుగుతుందన్న మాట అప్పుడు అతనికి తోచలేదు. తోచింది ఒక్కటే. ఇంకో నెల గిన్నెలు.

అధిక మాసం పోయింది. పోవడంతోనే ఫోన్లు మొదలయ్యాయి. ఆగి ఉన్న గృహప్రవేశాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఓక్‌విల్ నుంచి రిచ్‌మండ్ హిల్ దాకా, ఆఫీసుకు సెలవు పెట్టలేని ఆడవాళ్ళంతా పిండివంటలు సుబ్బరాజు దగ్గర చెప్పుకున్నారు. పూర్ణం బూరెలు, గారెలు, పులిహోర, పరమాన్నం, వాయనాలకు నానబెట్టిన శనగలు. తట్టలు కడగడానికి వంశీ చేతులు చాలలేదు. గ్లవ్స్‌లోకి నీళ్ళు దిగి వేళ్ళు పాలిపోయాయి. ఒక్కొక్క అండా తోమి బోర్లించి, మళ్ళీ క్యాలెండరు వైపు చూసేవాడు. నిజ దశమి పేజీ తిప్పితే గాని కనిపించదు.

మంగళవారం మధ్యాహ్నం హైమావతికి హాలిఫాక్స్ నుంచి ఫోన్ వచ్చింది. కూతురు ధాత్రికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. హైమావతి ఏప్రన్ విప్పి మడిచి కౌంటరు మీద పెట్టింది. సుబ్బరాజు అడ్డం నిలబడి, శుక్రవారం దాకా ఆగండి అమ్మా, పరువు పోతుంది అని బతిమాలాడు. కడుపులో ఉన్నవాళ్ళు మీ శుక్రవారం చూసుకుని రారు రాజుగారూ అని ఆమె ఎయిర్‌పోర్టుకు టాక్సీ ఎక్కింది.

బుధవారం పొద్దున్నే సుబ్బరాజు సింకు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చి, కాసేపు అటూ ఇటూ చూసి, తోమిన గిన్నె ఒకటి ఎత్తి పెట్టాడు.

రాత్రి పంతులు గారితో మాట్లాడానన్నాడు. మొదటి ఏడు అధిక మాసంలోనే లెక్కట. పన్నెండు నెలలు నిండాయా లేదా అన్నదే చూడాలట. నీ ఏడాది అయిపోయిందిరా వంశీ, ఎప్పుడో అయిపోయింది, రేపు తలస్నానం చేసి వచ్చి గరిట పట్టుకో అన్నాడు.

అధిక మాసం చెల్లదన్నారు కదండీ అని వంశీ అడగలేదు. అడగాలనిపించలేదు. గ్లవ్స్ విప్పేశాడు. ఏడాది అయిపోయింది. ఎవరి నోటి నుంచి వస్తేనేం.

గురువారం అతను వచ్చేసరికి చాముండేశ్వరి గుమ్మంలో ఉంది. జుట్టు తడిగా ఉందో లేదో చూసింది. ఉతికిన బట్టలేనా అంది. అవునన్నాక పక్కకు జరిగింది.

పొయ్యి ముందు నిలబడగానే వంశీకి ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి మరిచిపోలేదు. శనగపప్పు పలుకు మీద దించి నీళ్ళు వంచాడు. బెల్లం వేసి ముద్ద గరిటకు అంటకుండా విడిపోయేదాకా తిప్పాడు. ఏలకులు దంచి వేశాడు. ముద్ద చల్లారేలోపు ఉండలు ముంచే తోపు పిండి చూసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య జార్చి, పలచనైందని గుప్పెడు బియ్యప్పిండి కలిపాడు. మొదటి వాయి నూనెలోకి వెళ్ళింది. బూరెలు మునిగి, తేలి, తమంత తామే ఒక పక్కకు తిరిగాయి. జల్లిగరిటతో తీసి ట్రేలో పరిచాడు. ఒక్కటీ చిట్లలేదు. అవతల బల్ల దగ్గర చాముండేశ్వరి శనగలు సంచుల్లో పోసి మూతులు కడుతూ ఓ కంట ఇటే చూస్తోంది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె మెచ్చుకోలు.

నాలుగు ట్రేలు నిండేసరికి సుబ్బరాజు వచ్చి ఒక బూరె విరిచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. ఇదే సమయమనుకున్నాడు వంశీ.

"అంకుల్, లెటర్ ఇవాళ్టి డేట్‌తో ఇస్తారా? కుక్ అని."

సుబ్బరాజు బూరె మింగాడు. తొందరేముందన్నాడు. వచ్చే నెల దశమి వెళ్ళాక, ఆ రోజు నుంచి కుక్ అని రాసిస్తానన్నాడు. అప్పటిదాకా కిచెన్ హెల్పరే. కుక్ అని రాస్తే కుక్ జీతం ఇవ్వాలని అతను చెప్పలేదు, వంశీకి చెప్పనక్కరలేదు.

"అంటే ఏడాది కాలేదా అండీ?"

"కాయితానికి కాలేదురా."

"బూరెలకి?"

సుబ్బరాజు నవ్వాడు. కుర్రాడు హాస్యమాడాడని సరదా పడ్డాడు. "బూరెలకి అయిపోయింది," అన్నాడు.

వంశీ బాణలి కింద మంట ఆపాడు. నూనెలో ఉన్న వాయి ఉన్నట్టే ఉంది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. సింకు దగ్గరికి వెళ్ళి గ్లవ్స్ తొడుక్కుని, బెల్లం అంటిన గిన్నెలో నీళ్ళు పట్టి తోమడం మొదలుపెట్టాడు. కోపంగా చేయలేదు. గిన్నె చప్పుడు కూడా కాలేదు. బయటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలో అతనికి తెలియదు.

సుబ్బరాజు ముందు బుజ్జగించాడు. తర్వాత గొంతు తగ్గించి తిట్టాడు. నూనె చల్లారిపోతోంది, బూరెలు నూనె పీల్చేస్తున్నాయి, సాయంత్రానికి డెలివరీ వ్యాన్ వస్తుంది. వంశీ గిన్నె కడిగి బోర్లించి ఇంకోటి తీసుకున్నాడు.

చాముండేశ్వరి లేచి వచ్చింది. పొయ్యి ఎందుకు ఆరిందని భర్తను అడిగింది. వాడికి ఒళ్ళు పొగరెక్కిందన్నాడు సుబ్బరాజు. ఆమె వంశీ వైపు తిరిగింది.

"ఏడాది ఇంకా కాలేదట ఆంటీ," అన్నాడు వంశీ. "అంకులే చెప్పారు. లెటర్ వచ్చే నెల దశమి తర్వాతేనట."

ఆమె మొహం మారలేదు. నడిచి వెళ్ళి బూరెల ట్రే ఒకటి రెండు చేతులా ఎత్తింది. చెత్త డబ్బా మూత కాలితో నొక్కి తెరిచింది. ట్రేని దాని మీదికి తెచ్చి పట్టుకుంది.

"రేపు ఇవి అమ్మవారి ముందు పెడతారు. ముత్తయిదువులు కళ్ళకద్దుకుని తింటారు. ఒక్క మాట చెప్పండి. అయిందా, కాలేదా?"

సుబ్బరాజుకు చెమట పట్టింది. పిచ్చిగా మాట్లాడకు, కిందపెట్టు అన్నాడు. ఆమె పెట్టలేదు. పెళ్ళై ఇన్నేళ్ళైనవాడికి ఆమె ఆ ట్రే తిరగేస్తుందో లేదో తెలుసు. మిగతా మూడూ కూడా తిరగేస్తుంది.

"అయింది," అన్నాడు.

"మీరు చెబితే సరిపోదు." ఆమె వంశీని చూసింది. ఏడాదిలో మొదటిసారి నేరుగా కళ్ళలోకి చూసింది. "నువ్వు చెప్పు. మీ ఇంట్లో పెట్టారా?"

కుళాయి పారుతూనే ఉంది. వంశీ దాన్ని కట్టేశాడు. పెట్టలేదు. ఊరి పురోహితుడు ఐగారు రెండో శ్రావణం అన్నాడు. ఆ మాట చెబితే ట్రేలు డబ్బాలోకి పోతాయి. ట్రేలతో పాటు లెటర్ పోతుంది. సుబ్బరాజు కళ్ళు అతన్నే బతిమాలుతున్నాయి. ఒక్క క్షణం కింద తిట్టిన నోరు ఇప్పుడు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆ మొహం చూస్తే వంశీకి అసహ్యం వేసింది.

"పెట్టారండి," అన్నాడు. "అధికంలోనే పెట్టారు. మా చిన్నాయిన పెట్టాడు."

"మీ అమ్మగారు చెప్పారా?"

"చెప్పిందండి."

చాముండేశ్వరి కాలు తీసింది. డబ్బా మూత పడింది. ట్రేని తెచ్చి బల్ల మీద పెట్టి, పమిట కొంగుతో చేతులు తుడుచుకుంది. అయితే ఇవాళ్టి తారీకుతో రాసివ్వండి, అయిందో కాలేదో తెలియని మనిషి చేతి వంట నేను పంపను అని భర్తతో అంది. అది వంశీ కోసం అన్న మాట కాదు. అన్నాక మళ్ళీ అతని వైపు చూడలేదు. వెళ్ళి శనగల సంచులకు మూతులు కట్టుకుంది.

సుబ్బరాజు గదిలో ప్రింటరు కాసేపు మొరాయించి కాగితం వదిలింది. కుక్ అని ఉంది. ఆ రోజు తారీకు ఉంది. సంతకం పెట్టి ఇస్తూ సుబ్బరాజు గొంతు బాగా తగ్గించాడు.

"నిజంగానే పెట్టారుట్రా?"

వంశీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుబ్బరాజు అతని మొహం పరీక్షగా చూసి, కళ్ళు చికిలించి మెల్లగా నవ్వాడు. పంతులు చేత ఆ మాట అనిపించడానికి తను పడ్డ తిప్పలు ఎవరో పంచుకున్నట్టు నవ్వాడు. భుజం తట్టాడు. నిరుడు తట్టిన తట్టుడు కాదది. తనవాణ్ణి తట్టినట్టు తట్టాడు.

వంశీ వెళ్ళి పొయ్యి వెలిగించాడు. నూనె పీల్చిన వాయి తీసి పారేశాడు.

శుక్రవారం తెల్లవారేసరికి గారెలు మొదలయ్యాయి. వేడివేడిగా కావాలన్నవాళ్ళకు ఆ పొద్దునే చేసి పంపాలి. వంశీ ఒక్కడే ఉన్నాడు. తడి చేత్తో ముద్ద తీసి, అరచేతిలో తట్టి, బొటనవేలితో చిల్లు చేసి నూనెలోకి జారవిడుస్తున్నాడు. నిద్ర లేదు. కోరుకున్నది జేబులో ఉన్నా కుదురు లేదు. వాయి వాయికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వెనక ఎవరూ లేరు.

పిండి డబ్బాకు ఆనించి పెట్టిన ఫోన్ మోగింది. తల్లి. వీడియో కాల్. ఎత్తకుండా ఉండాల్సింది. అలవాటు కొద్దీ మోచేత్తో నొక్కాడు.

అక్కడ మధ్యాహ్నం. ఆమె వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దశమికి ఐగారిని మాట్లాడి రావడానికి చిన్నాయిన పొద్దున్నే పోయిండని చెప్పింది. నాయిన ఫోటో పెద్దది చేయించిన, వచ్చినంక చూపిస్త అంది. నువ్వు ఆ దినం ఒక్కపొద్దు ఉండు, ఆడనే ఇన్ని నీళ్ళు వదులు అంది. చెబుతూ చెబుతూ ఆగి, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"నువ్వు పొయ్యి కాడున్నవేంది బిడ్డా? యాడాది కాలే గద."

వంశీ చేతిలో ముద్ద ఉంది. చిల్లు పెట్టాడు. నూనెలోకి వదల్లేదు. చెప్పడానికి చాలా ఉంది. అధికం, నిజం, పంతులు గారి మాట, కుక్ అని రాసిన కాగితం. చెబితే ఆమె అన్నీ వింటుంది. విని, మంచిగ చేసినవ్ కొడుకా అని కూడా అంటుందేమో. ఆ మాట వినడం అతని వల్ల కాదు.

"ఈడ అయిపోయిందమ్మా," అన్నాడు.

తల్లి ఎట్లయిపోయింది అని అడగలేదు. ఎవరు చెప్పిండ్రని అడగలేదు. మోకాలి మీది చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. వసారాలో కోడి ఒకటి గింజల కోసం తిరుగుతుంటే చెయ్యి విదిలించి అదిలించింది.

"గట్లనా," అంది. "సరే. ఈడ ఇంకా ఉన్నది. మిగిలిన దినాలు నీ వంతు గూడ నేనే ఉంట తియ్."

ఫోన్ పెట్టేసింది. బయట వ్యాను వెనక్కి వచ్చి ఆగిన చప్పుడైంది. సుబ్బరాజు తలుపు తోసుకుని వచ్చి, ఎన్నయ్యాయిరా అని అడిగాడు.

వంశీ అరచేతిలో గారె ఎండిపోయి అంచులు పగిలాయి. దాన్ని మళ్ళీ పిండిలో కలిపేసి, చెయ్యి తడుపుకుని ఇంకో ముద్ద తీసుకున్నాడు.